ఫిల్మ్ వదిలి ఎక్స్100ఎఫ్ పట్టుకున్నాక

నా నికాన్ ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరా పక్కన పెట్టి ఫుజీఫిల్మ్ ఎక్స్100ఎఫ్ డిజిటల్ కెమెరా కొన్నది 2018లో. అప్పట్నుంచి చార్మినార్ చుట్టుపక్కల, జుమ్మేరాత్ బజార్లో, గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో నేను తీసిన వీధి ఫోటోలన్నీ దీంతోనే. ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం ఇది: ఫిల్మ్ నుంచి వచ్చేవాళ్లకు ఈ కెమెరా చేతికి అలవాటు కావడం చాలా తేలిక. కష్టమల్లా వెలుగును కొలిచే పాత అలవాటు మార్చుకోవడమే.

మారడానికి కారణం డబ్బు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్మ్ రీలు ధర పెరుగుతూ పోయింది, బ్లాక్ అండ్ వైట్ శ్రద్ధగా కడిగేవాళ్లు తగ్గిపోయారు. వీధి ఫోటోల్లో చాలా ఫ్రేములు వృథా పోతాయి, పోవాలి కూడా. 36 ఫ్రేముల్లో ప్రతిదానికీ ఇంతని లెక్క కట్టడం మొదలైతే, తీయాల్సిన క్షణంలో వేలు ఆగిపోతుంది. డిజిటల్‌కి వచ్చాక ఆ టెన్షన్ పోయింది.

ఎఫ్ఎం2 పట్టిన చేతికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అపర్చర్ రింగు లెన్స్ మీదే ఉంది, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వెలుగు తక్కువ వస్తుంది. షట్టర్ డయల్ పైన ఉంది, దాని అంచు పైకెత్తి తిప్పితే ఐఎస్ఓ, అంటే వెలుగుకు స్పందించే వేగం, మారుతుంది. ఆ ఐఎస్ఓ అంకెలు కనిపించే కిటికీ మాత్రం మరీ చిన్నది, సాయంత్రం దాటితే చదవలేం. ఆప్టికల్ వ్యూఫైండర్లో ఫ్రేము గీతల బయట కూడా వీధి కనిపిస్తుంది. అంటే సైకిల్ ఫ్రేములోకి రాకముందే మనకు తెలుస్తుంది. ఎఫ్ఎం2 లాంటి ఎస్ఎల్ఆర్‌లో ఈ సుఖం లేదు. బ్యాటరీ, కార్డుతో కలిపి 469 గ్రాములే కాబట్టి పొద్దంతా మెడలో ఉన్నా బరువనిపించదు.

లెన్స్ 23 ఎంఎం, మార్చలేం. ఫిల్మ్ కెమెరా మీద 35 ఎంఎం లెన్స్ ఎంత చూపిస్తుందో ఇదీ అంతే చూపిస్తుంది. నేను 50 ఎంఎం లెన్స్ నుంచి వచ్చాను కాబట్టి మొదట్లో అన్నీ దూరంగా పడేవి. మనిషికి ఇంకాస్త దగ్గరగా వెళ్లక తప్పలేదు, ఫోటోలు బాగుపడింది కూడా అందుకే. ఒకే లెన్స్‌తో కొన్ని నెలలు తిరిగితే, కెమెరా ఎత్తకముందే ఎంతవరకు పడుతుందో కంటికి తెలిసిపోతుంది. రద్దీలో ఆటోఫోకస్ ఆపేసి, ఎఫ్8 పెట్టి, ఫోకస్ 2.5 మీటర్ల దగ్గర ఉంచేస్తాను. సుమారు ఒకటిన్నర మీటరు నుంచి పది మీటర్ల దాకా స్పష్టంగానే వస్తుంది. వ్యూఫైండర్లో ఎంత దూరం దాకా స్పష్టంగా వస్తుందో చూపించే గీత ఉంది. మెనూలో దాన్ని పిక్సెల్ లెక్క నుంచి ఫిల్మ్ లెక్కకు మార్చుకోండి, పాత లెన్స్‌ల మీద గీతలు చూసి నేర్చుకున్నవాళ్లకు అదే సరిపోతుంది.

ఇక వెలుగు సంగతి. నెగెటివ్ ఫిల్మ్‌కి వెలుగు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువైతేనే నీడల్లో ఏమీ మిగలదు. అందుకే నీడకు కొలిచి, అనుమానం వస్తే ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుగు, ఇచ్చేవాళ్లం. సెన్సర్ దీనికి పూర్తిగా రివర్స్. నీడలో ఉన్నదాన్ని తర్వాత రా (ముడి) ఫైల్లోంచి పైకి తేవచ్చు, తెల్లగా కాలిపోయిన చోటు నుంచి మాత్రం ఏమీ రాదు. మే నెల ఎండలో గుల్జార్ హౌజ్ దగ్గర తెల్ల కుర్తా వేసుకున్న పెద్దాయన నడిచొస్తున్నాడనుకోండి, వెనక దుకాణం అరుగు మీద చిక్కటి నీడ. ఆ నీడకు కొలిచి తీస్తే కుర్తా మీద ఒక్క మడత మిగలదు. కొలవాల్సింది కుర్తాకే.

ఎండలో నేను డీఆర్400 అనే డైనమిక్ రేంజ్ సెట్టింగ్ వాడతాను. దానికి ఐఎస్ఓ కనీసం 800 ఉండాలి. కెమెరా వెలుగు తక్కువ తీసుకుని, తెలుపును కాపాడి, నీడల్ని లోపలే పైకి తెస్తుంది. ఐఎస్ఓ 800, ఎఫ్8 అంటే మిట్టమధ్యాహ్నం షట్టర్ సెకనులో 1/3200 వంతు దాకా పోతుంది. లెన్స్‌లో ఉన్న లీఫ్ షట్టర్ ఎఫ్8 దగ్గర 1/4000 వరకు వెళ్తుంది, ఎఫ్2 దగ్గర 1/1000తో ఆగిపోతుంది. అందుకని ఎండలో లెన్స్ బాగా తెరవాలంటే డీఆర్ తీసేసి, ఐఎస్ఓ 200కి దిగి, లోపలే ఉన్న, వెలుగును తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ వేసుకోవాలి. అప్పుడు ఎఫ్2.8 వరకు ఇబ్బంది లేదు. ఈ షట్టర్ చప్పుడు పక్కవాళ్లకు కూడా వినపడదు. ఎఫ్ఎం2 నొక్కితే తలలు తిరిగేవి.

రంజాన్ రాత్రుల్లో ఇది ఫిల్మ్‌ని దాటేసింది. హెచ్‌పీ5ని 1600కి పుష్ చేస్తే (అసలు వేగం కన్నా ఎక్కువ లెక్కేసి తీసి, ఎక్కువసేపు కడిగితే) బల్బు వెలుగు, చీకటి తప్ప మధ్యలో ఏమీ మిగిలేది కాదు. ఇందులో 3200 దగ్గర కూడా హలీం బట్టీ వెనక నిలబడ్డ మనిషి ముఖం దక్కుతుంది. ఆక్రోస్ మోడ్ బ్లాక్ అండ్ వైట్ నాకు చాలా ఇష్టం, హెచ్‌పీ5 గ్రెయిన్ కోరుకునేవాళ్లకు మాత్రం నునుపుగా అనిపిస్తుంది.

తీసిన వెంటనే ఫోటో చూపించే సెట్టింగ్ ఆపేశాను. స్క్రీన్ చూస్తున్న ఆ రెండు సెకన్లలో వీధిలో అసలుది జరిగిపోతుంది. అమెరికన్ వీధి ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 1984లో పోయేనాటికి ఆయన దగ్గర కడగని రీళ్లు 2,500 దాకా ఉన్నాయి. అంత కాకపోయినా, వారం ఆగి చూస్తే ఏది మంచిదో ఏది కాదో నిదానంగా తెలుస్తుంది. అయితే స్క్రీన్ ఎదుటివాళ్లకు బాగా పనికొస్తుంది. పూల మార్కెట్లో బంతిపూలు తూకం వేస్తున్న ఒకామె, "ఏదీ అన్నా, చూపియ్యి. కండ్లు మూసుకున్నట్టున్న" అంది. నిజంగానే మూసుకుంది. "మల్ల తియ్యి" అని కొంగు సర్దుకుని నిలబడింది. ఫిల్మ్ రోజుల్లో ప్రింటు పట్టుకుని ఇంకోసారి వెళ్లేదాకా ఆ చనువు వచ్చేది కాదు.

బ్యాటరీకి ఆప్టికల్ వ్యూఫైండర్‌తో 390 ఫోటోలని, ఎలక్ట్రానిక్‌తో 270 అని కంపెనీ లెక్క. జేబులో ఇంకోటి ఉండాల్సిందే. వానకు రక్షణ లేదు, ప్లాస్టిక్ కవర్ దగ్గరుంచుకోండి.

లెన్స్‌కి ఉన్న అసలు లోటు దగ్గరి ఫోటోల్లో కనిపిస్తుంది. లాడ్ బజార్లో లక్క గాజు వేడి చేసి, మెత్తగా ఉండగానే పట్టకారుతో ఒక్కో రాయీ అద్దుతుంటారు. ఆ వేళ్ల దగ్గరికి వెళ్లి ఎఫ్2లో తీస్తే రాళ్ల చుట్టూ మసక పొర కమ్ముతుంది. ఎఫ్4కి వెళ్తే పోతుంది, కానీ ఆ ఇరుకు దుకాణాల్లో ఎఫ్4కి సరిపడా వెలుగు ఎప్పుడూ ఉండదు. ఇలాంటివే ఎక్కువ తీసేవాళ్లు 2020లో వచ్చిన ఎక్స్100వీ చూసుకోవాలి, అందులో లెన్స్ మార్చారు, స్క్రీన్ కూడా వంగుతుంది. 2024 నాటి ఎక్స్100సిక్స్‌లో 40 మెగాపిక్సెళ్లు, స్టెబిలైజేషన్ ఉన్నాయి. అయితే స్టెబిలైజేషన్ మన చేతి వణుకునే ఆపుతుంది, నడిచే మనిషిని ఆపదు. వీధికి దానికోసం అంత డబ్బు పెట్టక్కర్లేదు.

పగటి వీధులే తీసేవాళ్లకు సెకండ్ హ్యాండ్ ఎక్స్100ఎఫ్ చాలు. కొనేముందు లీవర్ తిప్పి ఆప్టికల్, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్లు రెండూ వస్తున్నాయో లేదో చూడండి. తెల్లగోడను ఎఫ్16లో తీసి, పెద్దది చేసి, మచ్చలేమైనా ఉన్నాయేమో వెతకండి. లెన్స్ ఊడి రాదు కాబట్టి సెన్సర్ మీద దుమ్ము చేరితే మన చేత్తో తుడుచుకునే వీలు లేదు.