ఏడేళ్లుగా గిట్‌తో: వెస్నోత్ ఆటకు మార్పులు పంపిన అనుభవం

బ్యాటిల్ ఫర్ వెస్నోత్ ఆటను మొదట ఆడాను, తరువాత దాని లోపలికి వెళ్లాను. ఆరు భుజాల గళ్ల మీద వంతులవారీగా దళాలను నడిపే వ్యూహాత్మక ఆట అది. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ఈ ఆట జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. కోడును ఎవరైనా తీసుకోవచ్చు, సరిచేసి తిరిగి పంపవచ్చు. నేను పంపేవి పెద్ద మార్పులు కావు. క్యాంపెయిన్‌లో (కథగా అల్లిన ఘట్టాల వరుసలో) ఒక సంఘటన జరగవలసిన వంతులో జరగకపోవడం, సంభాషణలో తప్పులు, అప్పుడప్పుడు సీ ప్లస్ ప్లస్ కోడులో పది పదిహేను వరుసలు. ఏడేళ్లుగా ఇవన్నీ గిట్ ద్వారానే, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదు చేసి పలువురి మార్పులను కలిపే సాఫ్ట్‌వేర్ ద్వారానే, వెళ్తున్నాయి. ఉద్యోగంలోనూ రోజూ గిట్ వాడతాను. అయితే అక్కడ పక్క కుర్చీలోని మనిషిని అడిగితే తెలిసిపోయే సంగతులు ఇక్కడ అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. ముఖాలు తెలియవు, దేశాలు వేరు, నేను మేలుకున్న వేళ వారికి అర్ధరాత్రి. అటువంటి చోట గిట్ ఎంతవరకు ఆదుకుంటుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పాలని రాస్తున్నాను.

ప్రవేశం సులభం కాదు. రిపాజిటరీలో, అంటే ప్రాజెక్టు మొత్తం ఉండే గిట్ ఖజానాలో, కోడుతో పాటు వేల బొమ్మలు, సంగీతం, వాటి పాత రూపాలు అన్నీ ఉంటాయి. దాన్నంతా కంప్యూటర్‌లోకి దించుకునే నా మొదటి క్లోన్ రెండుసార్లు మధ్యలో తెగిపోయింది. తెగిన చోటి నుంచి అందుకోవడం గిట్‌కు రాదు. మళ్లీ మొదటి నుంచే దించుకోవాలి. నెట్ నెమ్మదిగా ఉన్నవారు చివరి కమిట్‌ను (నమోదైన మార్పును) మాత్రమే తెచ్చే షాలో క్లోన్‌తో మొదలుపెట్టి, మిగతా చరిత్రను విడతలుగా తెచ్చుకోవడం మేలు. ఇంకో మాట: లువా భాష వంటి భాగాలు ఇప్పుడు సబ్‌మాడ్యూళ్లుగా, అంటే విడి రిపాజిటరీలుగా, ఉన్నాయి. వాటిని కూడా తెమ్మని క్లోన్ సమయంలోనే చెప్పకపోతే బిల్డ్ (కోడును నడిచే ఆటగా మార్చడం) ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఆ దోష సందేశాన్ని బట్టి కొత్తవారికి బోధపడదు.

నేను ఎక్కువగా పనిచేసేది డబ్ల్యూఎంఎల్ ఫైళ్లలో. వెస్నోత్‌లో దళాలు, సంభాషణలు, ఏ ఘట్టంలో ఏం జరగాలి అన్నవన్నీ ఈ భాషలోనే రాస్తారు. తెరిచే ట్యాగు, మూసే ట్యాగు, మధ్యలో విలువలు. ఒక ఘట్టపు ఫైలులో ఈవెంట్లు ముప్పై దాకా ఉండవచ్చు, అన్నిటి ముగింపు ట్యాగులూ ఒకేలా ఉంటాయి. గిట్‌కు కనిపించేది వరుసలే. ఏ ముగింపు ఏ ఈవెంట్‌దో దానికి తెలియదు. అందువల్ల మధ్యలో కొత్త ఈవెంట్ చేర్చి తేడా చూస్తే, పాత ఈవెంట్ మూసే ట్యాగును నేనే రాసినట్టు, నేను రాసినది అక్కడ ముందే ఉన్నట్టు చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ముట్టని చోట ఏదో చెరిపేశానని కంగారుపడి గంటసేపు వెతికాను. పేషెన్స్ అనే పోలిక పద్ధతిని ఎంచుకుంటే కొంత నయం.

అసలు ప్రమాదం అది కాదు. ఒకే చోట ఇద్దరు మార్చడంతో కాన్‌ఫ్లిక్ట్ వస్తే గిట్ ఆగి చెబుతుంది, కూర్చుని సరిచేసుకుంటాం. ఏ గొడవా లేకుండా కలిసిపోయి ఆట చెడిపోవడమే ప్రమాదం. ఒకసారి నేను ఒక పాత్ర గుర్తింపు పేరును మార్చాను. అదే వారంలో మరొకరు అదే ఘట్టంలో, నా వరుసలకు చాలా దూరంగా, పాత పేరుతో కొత్త సంభాషణ చేర్చారు. వరుసలు ఒకదానికొకటి తగలలేదు కాబట్టి రెండూ సాఫీగా మెర్జ్ అయ్యాయి. ఆటలో మాత్రం ఆ సంభాషణ రాలేదు. మాట్లాడవలసిన పాత్ర దొరకకపోతే వెస్నోత్ ఆ మాటను దాటేసి ముందుకు పోతుంది. ఇలాంటివి పట్టుకోవడానికే ప్రాజెక్టులో డబ్ల్యూఎంఎల్‌లింట్ అనే పనిముట్టు ఉంది. నా బ్రాంచిలో (నా మార్పుల కోసం విడిగా తీసిన పాయలో) దాన్ని నడిపాను, కలిపిన తరువాత నడపలేదు. అప్పటి నుంచి మెర్జ్ అయిన రూపాన్ని తనిఖీ చేసి, ఆ ఘట్టాన్ని ఒకసారి ఆడి చూసిన తరువాతే నా పని పూర్తయినట్టు లెక్క.

గిట్ స్వభావాన్ని అర్థం చేసుకుని పద్ధతిని మార్చుకుంటే ఎంత ఊరటో వెస్నోత్ మార్పుల చిట్టా చూస్తే తెలుస్తుంది. నేను చేరిన కొత్తలో అందరూ ఒకే చిట్టా ఫైలులో, ఒకే చోట తమ వాక్యం చేర్చేవారు. రెండు పుల్ రిక్వెస్టులు (మార్పును కలుపుకోమని పంపే అభ్యర్థనలు) ఉంటే రెండోదానికి కాన్‌ఫ్లిక్ట్ తప్పదు. తరువాత ఒక ఫోల్డరు పెట్టి, ఒక్కో మార్పుకు ఒక్కో చిన్న ఫైలు వేయమన్నారు. విడుదల సమయంలో వాటిని ఒక్కటిగా చేరుస్తారు. ఆ తగాదా అంతటితో పోయింది.

నాకు గిట్‌లో అన్నిటికన్నా విలువైనది చరిత్ర. వెస్నోత్ 2013 వరకు సబ్‌వర్షన్ అనే గిట్‌లాంటి మరో పనిముట్టులో, కోడును ఉంచే గ్నా అనే సేవ మీద ఉండేది. ఆ ఏడాది గిట్‌కు, గిట్ రిపాజిటరీలను ఉంచే గిట్‌హబ్‌కు మారింది, పాత చరిత్రను కూడా వెంట తెచ్చుకుంది. 2017లో గ్నా మూతపడింది. ఇప్పుడు పూర్తి క్లోన్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ 2003 నుంచి జరిగినదంతా ఉంది, నా పాత ల్యాప్‌టాప్‌తో సహా. ఏ వరుసను ఎవరు, ఎప్పుడు, ఏ కమిట్‌లో రాశారో బ్లేమ్ అనే ఆజ్ఞ చూపిస్తుంది; ఎందుకో ఆ కమిట్ సందేశంలో చూడాలి. ఆ పేరులో నింద ఉన్నా నేను దాన్ని వాడేది కృతజ్ఞతతో. ఒక ఘట్టంలో శత్రువుకు ఇచ్చే బంగారం మరీ తక్కువగా ఉందనిపించి పెంచబోయాను. బ్లేమ్ చూస్తే, ఎన్నో ఏళ్ల క్రితం ఒకరు దాన్ని కావాలనే తగ్గించారని, ముందు ఘట్టంలో దళాలు పోగొట్టుకుని వచ్చినవారు ఇక్కడ ఏమీ చేయలేకపోతున్నారని రాసి ఉంది. చేయి వెనక్కి తీసుకున్నాను. అదే ఫైలులో మరో వరుసకు ‘సరిచేశాను’ అన్న ఒక్క ముక్కే ఉంది. ఏమి, ఎందుకు అన్నది ఆ మనిషితోనే పోయింది. ఆ రెండు కమిట్లను పక్కపక్కన చూసిన రోజు నుంచి నా సందేశాల్లో ‘ఏమి’ కంటే ‘ఎందుకు’ మీద ఎక్కువ సమయం పెడుతున్నాను.

రీబేస్‌తో నాకు ఇప్పటికీ పూర్తి స్నేహం కుదరలేదు. పుల్ రిక్వెస్ట్ వారాల తరబడి పరిశీలనలో ఉంటే ప్రధాన బ్రాంచి ముందుకు వెళ్లిపోతుంది, మన కమిట్లను దాని మీదికి మార్చుకోవాలి, అదే రీబేస్. ఆ సమయంలో కాన్‌ఫ్లిక్ట్ వస్తే ‘మనది’, ‘వారిది’ అన్న మాటల అర్థం తలకిందులవుతుంది. మెర్జ్‌లో ‘మనది’ అంటే నా బ్రాంచి. రీబేస్‌లో ‘మనది’ అంటే ప్రధాన బ్రాంచి. కారణం లేకపోలేదు, కాని ఇంత తికమక పెట్టే పేరును ఇన్నేళ్లు ఉంచడం నాకు నచ్చదు. నాలుగు రాత్రులు కూర్చుని సవరించిన సంభాషణలు ఆ తికమకలో పోయాయి. రెఫ్‌లాగ్ కాపాడింది. మన కంప్యూటర్‌లో బ్రాంచి ఏ ఏ కమిట్ల మీద నిలిచిందో అది రాసిపెట్టుకుంటుంది. విడిచిపోయిన కమిట్ల జాడ కూడా మామూలు అమరికలో 30 రోజులు ఉంటుంది. కమిట్ చేయని పనిని మాత్రం అది కాపాడలేదు. అందుకే రీబేస్‌కు ముందు, అరకొరగా ఉన్నా సరే, కమిట్ చేసి పెట్టుకుంటాను.

తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే బైసెక్ట్ గురించి చెప్పకపోతే గిట్‌కు అన్యాయం చేసినట్టే. అభివృద్ధిలో ఉన్న వెర్షన్‌లో ఒక ఘట్టం గెలిచినా ముగియడం లేదని గమనించాను. మూడు నెలల క్రితం బాగానే ఉంది. మధ్యలో ఆరు వందల పైచిలుకు కమిట్లు. మంచి కమిట్ ఒకటి, చెడ్డది ఒకటి చూపిస్తే గిట్ సరిగ్గా నడిమిది ఇస్తుంది; ఆడి చూసి మంచో చెడో చెబితే మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తుంది. పది అడుగుల్లో దొరుకుతుంది. అడుగడుగునా ఆటను మళ్లీ కంపైల్ చేయాలి, నా యంత్రంలో ఒక్కోదానికి అరగంట; కంపైల్ కాని కమిట్ తగిలితే దాటేయమని చెప్పవచ్చు. శని, ఆది వారాలు గడిచిపోయాయి. చివరికి తేలిన కమిట్ నాదే. వేరే పని చేస్తూ ఒక ఈవెంట్ పేరులో అక్షరం తప్పు రాశాను. అంతకుముందు రోజంతా ఇతరుల సీ ప్లస్ ప్లస్ మార్పులను అనుమానిస్తూ చదివాను.

విడుదలల సంగతి క్లుప్తంగా: 1.16, 1.18 వంటి సరి సంఖ్యలు స్థిరమైనవి, బేసివి అభివృద్ధివి. ప్రధాన బ్రాంచిలో చేసిన సవరణను ఒక్క కమిట్‌నే ఎంచి తెచ్చే చెర్రీ పిక్‌తో స్థిరమైన బ్రాంచికి తీసుకెళ్తారు. అక్కడ ఆటగాడికి కనిపించే వాక్యాలను ముట్టుకోనివ్వరు, ఎందుకంటే అనువాదకుల పని వృథా అవుతుంది. కోడు సవరణ, సంభాషణ సవరణ ఒకే కమిట్‌లో కలిపేస్తే మొదటిది కూడా స్థిరమైన బ్రాంచికి చేరదు. విడివిడిగా చేయండి.

బొమ్మల విషయంలో గిట్ నాకు తృప్తినివ్వలేదు. పీఎన్‌జీ ఫైలులో ఒక్క చుక్క మారినా గిట్‌కు అది మరో ఫైలే. ఏం మారిందో వరుసల్లో చూపలేదు, ఇద్దరు మార్చితే కలపలేదు, పాతది చరిత్రలో బరువుగా ఉండిపోతుంది. అంతకంటే బాధ కలిగించేది మరొకటి. నాకు తెలిసిన ఒక అమ్మాయి చక్కగా బొమ్మలు వేస్తుంది. వెస్నోత్‌కు కొన్ని ఆయుధ చిహ్నాలు గీసింది. ఫోర్క్, బ్రాంచి, రీబేస్ అని నేను వివరించిన రెండు సాయంత్రాలు ఆమె గీయగలిగిన రెండు సాయంత్రాలు. మూడో రోజు ఆమె, ‘అన్నయ్యా, ఫైళ్లు మీకు పంపిస్తాను, మీరే పెట్టండి’ అంది.

గిట్‌లో ప్రతి కమిట్‌కు రచయిత వేరు, కమిట్ చేసినవారు వేరు. రెండు పేర్లకూ చోటు ఉంది. రచయిత స్థానంలో ఆమె పేరు పెట్టి పంపాను. ఆటలో కృతజ్ఞతల జాబితా ఫైలులో కూడా చేర్చాను. పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయిన రాత్రి లాగ్ తెరిచి ఫొటో తీసి పంపితే, ఆమె దాన్ని వాళ్ల అమ్మకు చూపించిందట.