సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పరీక్షించడానికి ఏది మేలు: ఎమ్యులేటరా, అసలు క్యాలిక్యులేటరా?

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ అమెరికాలో చదువుకునే పిల్లలున్న తెలుగు ఇళ్లలో సాధారణ వస్తువే. చదువు ముగిశాక అది సొరుగులోనే ఉండిపోతుంది. మా అక్క కూతురు వాడి వదిలేసిన అలాంటి క్యాలిక్యులేటర్‌కు సరదాగా ఓ చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

రాసే దశలో ఎమ్యులేటర్‌కు, అంటే క్యాలిక్యులేటర్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్‌కు, సాటి లేదు. ఈ యంత్రంలోని జెడ్80 ప్రాసెసర్ ఒకేసారి 64 కేబీ మెమరీని మాత్రమే చూడగలదు. 1 ఎంబీ ఫ్లాష్‌లోని (కరెంటు లేకపోయినా చెరిగిపోని మెమరీ) మిగతా భాగం కావాలంటే 16 కేబీ పేజీలను మార్చి మార్చి ఆ 64 కేబీలోకి తెచ్చుకోవాలి. ఒక రొటీన్ (చిన్న కోడ్ భాగం) తాను నడుస్తున్న పేజీనే పొరపాటున మార్చేస్తే, తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఉండాల్సిన చోట మరేదో ఉంటుంది. అసలు యంత్రంపై అప్పుడు కనిపించేది కదలని తెర ఒక్కటే. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఎమ్యులేటర్‌లోనైతే పేజీ మారిన క్షణంలోనే ప్రోగ్రామ్‌ను ఆపి, రిజిస్టర్లనూ స్టాక్‌నూ (ప్రాసెసర్ అప్పటికప్పుడు విలువలు దాచుకునే చోట్లు) తీరిగ్గా చదువుకోవచ్చు. ఇదే కుటుంబానికి చెందిన క్యాలిక్యులేటర్ల కోసం యూనిక్స్ తరహాలో, ఎక్కువగా అసెంబ్లీలో (ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే భాష) రాసిన నైట్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం జెడ్80ఈ అనే సొంత ఎమ్యులేటర్‌ను కూడా తయారుచేసుకుంది. ఆ శ్రమ ఎందుకు పడ్డారో ఈ పని చేసినవారికి చెప్పనక్కర్లేదు.

ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను దాచి, వెతికే కోడ్) పరీక్షలోనూ నా ఓటు ఎమ్యులేటర్‌కే. ఫ్లాష్‌లో ఒకటిని సున్నా చేయడం తేలిక. సున్నాను తిరిగి ఒకటి చేయాలంటే ఆ సెక్టార్ మొత్తం, అంటే సాధారణంగా 64 కేబీ, చెరిపేయాలి. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోతే ఫైళ్లు ఏమవుతాయో తెలుసుకోవడానికి చేత్తో బ్యాటరీ లాగితే, ప్రతిసారీ ఒకే క్షణంలో లాగడం ఎవరికీ సాధ్యం కాదు. ఎమ్యులేటర్‌ను మాత్రం కోరిన ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆపి, అదే పరీక్షను వందసార్లు మార్పు లేకుండా చేయవచ్చు.

అయితే తెర దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. ఈ క్యాలిక్యులేటర్ల 96×64 చుక్కల తెరను నడిపే చిప్ ఒక ఆదేశాన్ని అందుకున్నాక, తర్వాతిది అందుకోవడానికి సుమారు 10 మైక్రోసెకన్ల వ్యవధి కోరుతుంది. ఇదే కుటుంబంలో పాత మోడలైన, 6 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే టీఐ-83 ప్లస్‌లో అది 60 క్లాక్ సైకిళ్లు. అంతసేపు ఆగేలా ఆ లెక్కతో రాసిన లూప్‌ను టీఐ-84 ప్లస్‌లో 15 మెగాహెర్ట్జ్ వేగంతో నడిపితే 4 మైక్రోసెకన్లకే ముగిసిపోతుంది. ఈ వ్యవధిని పట్టించుకోని ఎమ్యులేటర్‌లో నా మెనూ ముత్యాల్లాంటి అక్షరాలతో కనిపించింది. అదే కోడ్‌ను క్యాలిక్యులేటర్‌లో ఎక్కిస్తే అక్షరాలు ముక్కలై, కొన్ని నిలువు వరుసలు పక్కకు జరిగి కనిపించాయి. పైగా ఒకే మోడల్‌లోనూ తయారైన కాలాన్ని బట్టి తెర చిప్‌లు మారాయి, కొన్ని మరింత నెమ్మదివి. కాబట్టి చేతిలోని ఒక్క యంత్రంపై సరిగా నడిచిందని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. తెరకు రాసే రొటీన్‌లో వ్యవధిని కాస్త ఉదారంగా ఇవ్వడమే మంచిది. కీబోర్డు విషయంలోనూ అసలు యంత్రమే గురువు: మూడు మీటలు కలిపి నొక్కితే ఒక్కోసారి నొక్కని నాలుగోది కూడా నొక్కినట్టు వస్తుంది.

అసలు యంత్రం పాడైపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. ఆన్ చేయగానే మొదట నడిచే బూట్ కోడ్ విడిగా, రక్షణలో ఉంటుంది. బ్యాటరీ తీసి, డెల్ మీట నొక్కిపట్టి తిరిగి పెడితే అది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఎదురుచూస్తుంది. మనం రాసినదాన్ని అది అంగీకరించాలంటే డిజిటల్ సంతకం కావాలి. 2009లో ఔత్సాహికులు ఆ సంతకానికి ఆధారమైన 512 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యలను కారణాంకాలుగా విడదీయడంతో ఆ తలుపు తెరుచుకుంది. కంపెనీ వారికి చట్టపరమైన నోటీసులు పంపినప్పుడు డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి పక్షాన నిలిచింది. ఈ రోజు మనం చేసుకునే ప్రతి పరీక్షా వారి శ్రమకు రుణపడి ఉంది.

మూడో దారిగా కొందరు నమ్‌వర్క్స్ అనే మరో కంపెనీ క్యాలిక్యులేటర్‌ను చూపిస్తారు. దాని సిమ్యులేటర్ అదే సోర్స్ కోడ్‌ను కంప్యూటర్ కోసం కంపైల్ చేస్తుంది తప్ప ప్రాసెసర్‌ను అనుకరించదు. అప్లికేషన్లు రాసేవారికి అది చాలు. తెర, కీబోర్డు వంటివాటిని నడిపే డ్రైవర్లు రాసేవారికి అందులో పరీక్షించడానికేమీ ఉండదు.

అందుకే నేను ప్రతి మార్పునూ ముందు ఎమ్యులేటర్‌లో నడిపి, తెరనో కీబోర్డునో తాకిన మార్పైతే ఆ రోజే యూఎస్‌బీ కేబుల్‌తో టీఐ-84 ప్లస్‌లోకి ఎక్కిస్తాను. ఒకే ఒక్క యంత్రం కొనగలిగేవారికి కూడా టీఐ-84 ప్లస్‌నే సూచిస్తాను, ఎందుకంటే టీఐ-83 ప్లస్‌కు యూఎస్‌బీ పోర్టు లేదు, లింక్ కేబుల్ వేరుగా వెతుక్కోవాలి. రెండోది కొనే వీలున్నవారు మాత్రం ఆ 6 మెగాహెర్ట్జ్ టీఐ-83 ప్లస్‌నే తీసుకోవాలి. 15 మెగాహెర్ట్జ్ దగ్గర చురుగ్గా అనిపించిన మెనూ అక్కడ ఎంత నెమ్మదిగా కదులుతుందో అప్పుడే తెలుస్తుంది.