బరంపురం ఉప్పుగాలికి చిల్లులు పడ్డ 407, ఇంట్లోనే ఫైబర్ కిట్‌తో రిపేరు

మాది పాత టాటా 407 చిన్న లారీ. ఏళ్ల తరబడి గోపాల్‌పూర్ నుంచి చేపల పెట్టెలు మోసింది. సముద్రపు గాలి చాలదన్నట్టు ఐసు కరిగిన ఉప్పునీళ్లు కూడా కారి కారి రెండు డోర్ల అడుగులూ, ఎడమవైపు మడ్‌గార్డూ తుప్పుతో చిల్లులు పడ్డాయి. బరంపురంలో టింకరింగ్ మేస్త్రీ రేకు కోసి కొత్తది వెల్డ్ చేస్తానన్నాడు గానీ బండి షెడ్డులో వదిలేసి వెళ్లమన్నాడు, సీజన్‌లో అది జరిగే పని కాదు. అందుకని హార్డ్‌వేర్ షాపులో అమ్మే ఫైబర్ కిట్ తెచ్చి ఇంటి ముందే చేశాం. వానాకాలం గడిచింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా, డోరు, మడ్‌గార్డు లాంటి పైరేకుకైతే కొనండి, డబ్బు దండగ కాదు.

కిట్‌లో జిగురులా ఉండే రెజిన్ డబ్బా, ఫైబర్ మ్యాట్ అనే గాజు నార, రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ సీసా ఉంటాయి. లప్పం విడిగా కొనుక్కోవాలి. అసలు పనంతా గ్రైండర్‌దే. చిల్లు పైకి రూపాయి బిళ్లంత కనిపిస్తుంది, వైర్ బ్రష్ పెట్టి తిప్పితే అరచెయ్యంత అవుతుంది. కంగారు పడొద్దు, మెరిసే ఇనుము తేలేదాకా పోవాల్సిందే, తుప్పు మిగిలితే లప్పం కింద దాని పని అది చేసుకుపోతుంది. తర్వాత చిల్లు అంచుల్ని చిన్న సుత్తితో కాస్త లోపలికి కొట్టాలి, లేకపోతే మ్యాట్ పైకి ఉబ్బి కనిపిస్తుంది.

మ్యాట్ వేయడం చూడ్డానికి భలే ఉంటుంది. తెల్లటి నార రెజిన్ తాగగానే కనపడకుండా పోయి కింద రేకు కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలిందంటే లోపల గాలి ఉన్నట్టే, అక్కడ బ్రష్‌తో రాయకూడదు, పొడుస్తూ పోవాలి. డోరు లోపలివైపు కూడా ఒక పొర వేయండి, చాలామంది ఇది వదిలేస్తారు. లప్పం తడి పీలుస్తుంది, ఒట్టి లప్పంతో చిల్లు పూడిస్తే లోపలి నుంచి చెమ్మ ఎక్కి పొక్కులొచ్చి ఊడిపోతుంది.

నా ఫిర్యాదు హార్డెనర్ గురించే. డబ్బా మీద నూటికి రెండు వంతులని అచ్చేశారు, అదీ చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఎండ గురించి ఒక్క ముక్క లేదు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం ఆ లెక్కన కలిపితే రాసేలోపే మగ్గులో గడ్డకట్టి చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఒక వంతుకి తగ్గించి, పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకుంటే సరిపోతుంది, అంతకంటే తగ్గిస్తే సరిగ్గా గట్టిపడదు. కొన్ని షాపుల్లో రెజిన్ త్వరగా గట్టిపడటానికి కోబాల్ట్ అని ఊదా రంగు సీసా ఒకటి విడిగా ఇస్తారు. దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి, ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ఇంత ముఖ్యమైన సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు, పడవలకు ఫైబర్ పని చేసే మా మావయ్య చెబితే తెలిసింది.

గట్టిపడ్డాక కూడా పైపొర జిగటగానే ఉంటే పాడైందనుకోవద్దు, గాలి తగిలేచోట ఈ రెజిన్ అంతే, అసిటోన్ గుడ్డతో తుడిచి ఎమరీ పట్టండి. మాస్కూ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, ఎమరీ పట్టేటప్పుడు లేచే ఫైబర్ నూగు ఒంటికి తగిలిందంటే రాత్రంతా గోక్కోవడమే. ఆపైన లప్పం పల్చగా రెండు మూడు మిల్లీమీటర్లు, ప్రైమర్, రంగు, అయిపోయింది.

ఛాసిస్, క్యాబిన్ మౌంటింగులు, బరువు మోసే బీములు, వీటి జోలికి మాత్రం ఈ కిట్‌తో పోవద్దు, అక్కడ వెల్డింగే. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కదా, వీటికి కిట్‌తో అతుకేసి, రంగేసి అక్కడ గట్టెక్కినా లోడుతో తప్తపాణి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు దేవుడే దిక్కు.

మా బండికి ఇప్పటికి ఎడమ డోరు మూల ఒక్కచోటే చిన్న పొక్కు లేచింది. చూస్తే డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంది, అది కిట్ తప్పు కాదు. 5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటీ లేబుల్‌కి కోత.