నాలుగేళ్లు డ్రాగన్లను మేపాక: అర్-డ్రాగన్ డెక్ మీద నా మాట

2021లో మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటకి చెందిన ఈ డెక్ (ఆడటానికి పేర్చుకున్న కార్డుల కట్ట) నా చేతికొచ్చినప్పుడు అందులో డ్రాగన్లు చాల్లేదనిపించి, ఉన్నవాటికి ఇంకొన్ని కలిపి 36 చేశాను. ఇప్పుడు 24 ఉన్నాయి. ఆ పన్నెండూ తీసేసిన తర్వాతే గెలవడం మొదలుపెట్టాను. ఈ సమీక్షలో చెప్పాల్సిన అసలు ముక్క ఇదే. టైమ్ లేనివాళ్లు ఇక్కడే ఆపెయ్యొచ్చు.

మ్యాజిక్: ద గ్యాదరింగ్ గురించి కొత్తవాళ్లకి రెండు ముక్కలు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన కార్డుల ఆట. శివన్ డ్రాగన్ అనే కార్డు మొదటి సెట్‌లోనే ఉంది, అంటే డ్రాగన్ల పిచ్చి ఈ ఆటతో పాటే పుట్టింది. మేం ఆడేది కమాండర్ పద్ధతి, కమాండర్ అంటే డెక్‌కి నాయకుడైన కార్డు. నాయకుడితో కలిపి 100 కార్డులు, మామూలు ల్యాండ్లు (మిగతా కార్డులు దింపడానికి కావాల్సిన మానా అనే శక్తినిచ్చే కార్డులు) తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు, ఒక్కొక్కరికీ 40 ప్రాణాలు, నలుగురు చుట్టూ కూచుంటారు. నా నాయకుడు ది అర్-డ్రాగన్. 2017లో డ్రాకోనిక్ డామినేషన్ అనే రెడీమేడ్ డెక్‌లో వచ్చాడు. ఐదు రంగులు, దింపడానికి 9 మానా, 10/10 బలం (పది కొడతాడు, పది తట్టుకుంటాడు), ఎగురుతాడు.

చెన్నైలో ఆట మానేసిన ఒకాయన అమ్ముతున్నాడని తెలిసి, నెల్లూరులో పినాకిని ఎక్కి పోయి, రాత్రి బండికి తిరిగొచ్చాను. ఎంత పెట్టానో ఇంట్లో చెప్పిన లెక్క ఒకటుంది. ఇక్కడా అదే చెప్పాల్సి వస్తుంది కాబట్టి వదిలేద్దాం.

ఈ నాయకుడి గొప్పంతా ఎమినెన్స్ అనే గుణంలో ఉంది. అతను బల్ల మీదికి రానక్కర్లేదు. పక్కన కమాండ్ జోన్‌లో ఊరికే కూచుని ఉన్నా మిగతా డ్రాగన్లన్నిటికీ ఒక మానా తగ్గుతుంది. చదవగానే నాకు ఊరంతా ఉచితమన్నట్టు అనిపించింది. రెండు ల్యాండ్లు పీకి ఇంకో రెండు డ్రాగన్లు దూర్చాను. ల్యాండ్లు 34కి పడ్డాయి. 100 కార్డుల్లో 34 ల్యాండ్లంటే మొదట చేతికొచ్చే ఏడింట్లో సగటున రెండూ చిల్లర. రెండు ల్యాండ్లు, ఐదు డ్రాగన్లు, ఒక్కోటి ఆరో ఏడో మానా. ఆ చేతిని చూసుకుంటూ నాలుగైదు టర్నులు గోళ్లు గిల్లుకుంటూ కూచున్న ఆటలు ఎన్నో లెక్కలేదు.

మాతో ఆడే ఒంగోలు అన్న ఒకాయన ఉన్నాడు, బ్యాంకు ఉద్యోగి, వాళ్ల తాతలకి గిత్తలుండేవి. నా చేతిలోకి తొంగిచూసి అన్నాడు: "గిత్తలు కొనుక్కున్నావు సరే అబ్బయ్యా, మేత ఏది?" ఆ రోజు నుంచి మా బల్ల దగ్గర మానా అన్న మాటే పోయింది, అందరూ మేతే అంటారు.

మేత పెంచడం మొదలుపెట్టాను. ల్యాండ్లు 38. దాని మీద కల్టివేట్, కొడామాస్ రీచ్, ఫార్సీక్ లాంటి ల్యాండ్లు వెతికి తెచ్చే కార్డులు, నేరుగా మానా ఇచ్చే సోల్ రింగ్, ఆర్కేన్ సిగ్నెట్, డ్రాగన్స్ హోర్డ్. ఈ చివరిదాన్ని తక్కువగా చూస్తారు గానీ నా దగ్గర ఎక్కువ పని చేసింది అదే. మూడు మానాకి వస్తుంది, ఏ రంగు మానా అయినా ఇస్తుంది, డ్రాగన్ దిగినప్పుడల్లా దాని మీద ఒక బంగారు కౌంటర్ పడుతుంది, ఆ కౌంటర్ (గుర్తు బిళ్ల) తీసి కట్టలోంచి ఒక కార్డు లాక్కోవచ్చు. ఐదు రంగుల డెక్ అని పేరేగానీ, మొదటి మూడు టర్నులు ఇది ఆకుపచ్చ డెక్కే. వెతికి తెచ్చే మంచి కార్డులన్నీ పచ్చలోనే ఉన్నాయి. చేతిలో పచ్చ ఇచ్చే ల్యాండ్ లేకపోతే ఎంత అందమైన డ్రాగన్లున్నా ఏడూ వెనక్కి ఇచ్చేసి కొత్త చేయి తీసుకోండి. నేను ఇది నేర్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

రెడీమేడ్ డెక్‌తో వచ్చిన ల్యాండ్ల సంగతి కూడా చెప్పాలి. వాటిల్లో చాలా ట్యాప్ అయ్యే దిగుతాయి, అంటే వేసిన టర్నులో పనికిరావు. మేం వాటిని నిద్ర ల్యాండ్లంటాం. ముందు డబ్బు పెట్టేదుంటే వాటి మీద పెట్టండి. కొత్త డ్రాగన్ కొన్న ఆనందం ఉండదు, నిజమే. ల్యాండ్ కొనుక్కొచ్చి ఎవరికీ చూపించుకోలేం కూడా.

తగ్గింపు ఇచ్చే చిన్నవాళ్లు ఇద్దరున్నారు, డ్రాగన్‌లార్డ్స్ సర్వెంట్, డ్రాగన్‌స్పీకర్ షామన్. మొదటివాడు ఒకటి తగ్గిస్తాడు, రెండోవాడు రెండు. నాయకుడి ఒకటి కలిపితే నాలుగు. ఉత్వరా హెల్‌కైట్ మామూలుగా 8 మానా, ఇద్దరూ బల్ల మీదుంటే నాలుగుకే దిగుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రంగు మానా తగ్గదు, అంకె ఉన్న భాగమే తగ్గుతుంది. ఇంకోటి, నాయకుడు తనకి తాను తగ్గించుకోడు. తొమ్మిదికి తొమ్మిదీ కక్కాల్సిందే. చచ్చి మళ్లీ వస్తే పదకొండు.

అందుకే అతన్ని దింపడం అరుదు. పది ఆటలాడితే మూడింట్లో దిగుతాడేమో. దిగకపోయినా నష్టం లేదు. కానీ దిగి, దాడికి వెళ్లాడా, ఆ సుఖం వేరు. ఎన్ని డ్రాగన్లు దాడి చేస్తే అన్ని కార్డులు చేతికొస్తాయి, ఆపైన చేతిలోంచి ఒక శాశ్వత కార్డుని (బల్ల మీద నిలిచి ఉండే రకం) ఉచితంగా బల్ల మీద పెట్టొచ్చు. అలా పెట్టిన డ్రాగన్ ఆ దాడిలో కలవదని మాత్రం మొదట్లో తెలియక రెండు వారాలు తప్పుగా ఆడి గెలిచాను. తెలిశాక మావాళ్లు ఆ రెండు గెలుపులూ కొట్టేశారు.

నాయకుడు లేకుండానే బాగా ఆడిన ఒక ఆట చెప్తాను. మే నెల, ఆదివారం మధ్యాహ్నం, దర్గామిట్టలో మా మేడ మీద గది. కరెంటు పోయింది. అదీ ఒకందుకు మంచిదే, ఫ్యాను తిరుగుతుంటే టోకెన్లు (ఆట మధ్యలో పుట్టే ప్రాణులకి గుర్తుగా పెట్టే ముక్కలు) ఎగిరిపోతాయి. నా బల్ల మీద డ్రాగన్ టెంపెస్ట్ ఉంది. రెండు మానా కార్డు, ఎగిరేవాటికి దిగిన టర్నులోనే దాడి చేసే హడావుడి ఇస్తుంది, డ్రాగన్ దిగినప్పుడల్లా ఎన్ని డ్రాగన్లుంటే అంత దెబ్బ వేస్తుంది. ఉత్వరా దింపాను. మూడు డ్రాగన్లయ్యాయి కాబట్టి దిగిన దెబ్బ మూడు. మూడింటితో దాడి. ఉత్వరా ఉంటే దాడి చేసే ఒక్కో డ్రాగన్‌కీ ఒక 6/6 పిల్ల పుడుతుంది. మొదటి పిల్ల పుట్టేసరికి నాలుగు డ్రాగన్లు, నాలుగు దెబ్బ. రెండోదానికి ఐదు. మూడోదానికి ఆరు. పిల్లల పుట్టుకకే పదిహేను! కావలి నుంచి వచ్చిన మా బావ అప్పటికి పద్దెనిమిది ప్రాణాల మీదున్నాడు. మూడూ పదిహేనూ వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకుని, "ఇంకా తగల్లేదు గదయ్యా దాడి, పుట్టినందుకే చంపేస్తావా?" అన్నాడు.

మరుసటి వారం వస్తూ వస్తూ తన నీలం డెక్‌లో క్రక్స్ ఆఫ్ ఫేట్ పెట్టుకొచ్చాడు. ఐదు మానా కార్డు. రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి: డ్రాగన్లన్నీ చావాలా, డ్రాగన్లు కానివన్నీ చావాలా. బల్ల మీద డ్రాగన్లు ఆడేది నేనొక్కణ్ణే. నా ఒక్కడి కోసం కొన్న కార్డు అది.

ఈ డెక్‌తో వచ్చే పెద్ద తలనొప్పి ఇదే. వేరే నాయకులైతే దిగేదాకా ఎవరూ పట్టించుకోరు. అర్-డ్రాగన్‌ని పక్కన పెట్టి కూచోగానే ముగ్గురూ నీవైపే చూస్తారు. ఒక్క కార్డూ వేయకముందే శత్రువువి. పైగా మొదటి నాలుగు టర్నులు అడ్డుకోవడానికి బల్ల మీద ఏమీ ఉండదు. ఊరికే తెలియనట్టు కూచోవడం, నవ్వుతూ మాట్లాడటం, మలైకాజాలు తెప్పించి బల్ల మధ్యలో పెట్టడం, ఇవన్నీ నా డెక్‌లో భాగమే అనుకోండి. తీసేసిన డ్రాగన్ల చోట్లలో కొన్ని, ఎదుటివాళ్ల ప్రాణిని తీసేసే స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ లాంటి చవక మానా కార్డులకీ, నా ప్రాణిని కాపాడే స్విఫ్ట్‌ఫుట్ బూట్స్‌కీ ఇచ్చాను. అందరి ప్రాణులూ ఒకేసారి చచ్చిపోతే మళ్లీ లేవడానికి హేవెన్ ఆఫ్ ద స్పిరిట్ డ్రాగన్ ఉంది. ల్యాండే గానీ, బలిచ్చేస్తే గ్రేవ్‌యార్డ్ (చచ్చిన కార్డుల కుప్ప) నుంచి ఒక డ్రాగన్‌ని చేతికి తెస్తుంది. దీన్ని తొందరపడి బలివ్వకండి.

2024 సెప్టెంబర్‌లో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ అనే ఖరీదైన మానా కార్డుల్ని కమాండర్‌లో నిషేధించినప్పుడు చాలామంది ఏడ్చారు. అవి కొనే స్తోమత నాకెప్పుడూ లేదు కాబట్టి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వస్తువుగా ఎలా నిలబడిందంటే, మామూలు కార్డులు బాగున్నాయి, నాయకుడే చెడ్డాడు. అది ఫాయిల్ కార్డు. మన నెల్లూరు ఉక్కపోతకి వెనకున్న కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది, మీదున్న రేకు సాగదు, దాంతో కార్డు తమలపాకులా వంగిపోతుంది. ఎవరో చెప్పారని బియ్యం డబ్బాలో పెట్టాను. మూడో రోజు మా అమ్మ అన్నానికి బియ్యం తీస్తూ, "ఒరే, బియ్యంలో ఈ బొమ్మేందిరా, పురుగు పట్టకుండానా?" అంది. కొంచెం సర్దుకుంది గానీ పూర్తిగా కాదు. ఇప్పుడు కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు డెక్ డబ్బాలో వేసి, ఒక స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) మీద ఇంకో స్లీవ్ తొడిగి ఉంచుతున్నాను. అక్టోబర్, నవంబర్ వానల్లో ఆ పొట్లాలు మార్చాలి. ఫాయిల్ కాని ప్రతి దొరికితే అదే కొనుక్కోండి.

ఒక దెబ్బ తిన్న సంగతి కూడా. టెర్రర్ ఆఫ్ ద పీక్స్ అనే డ్రాగన్ కార్డు చవగ్గా వస్తుందని ఆన్‌లైన్‌లో ఒకడి దగ్గర తెప్పించాను. చేతికి రాగానే ఏదో తేడా, మరీ నున్నగా ఉంది. చిన్నబజారులో నగల పని చేసే స్నేహితుడి భూతద్దం కింద పెట్టాం. కార్డు వెనక ఐదు రంగుల చుక్కలుంటాయి కదా, అందులో ఆకుపచ్చ చుక్కలోపల అసలు కార్డుకైతే నాలుగు ఎర్ర చుక్కలు మూల తిరిగినట్టు కనిపిస్తాయి. నా శివన్ డ్రాగన్‌లో కనిపించాయి. దీంట్లో పచ్చ మీద పచ్చే. మా స్నేహితుడు బంగారం తేడాలు చూసీ చూసీ ఉన్నవాడు, "రోల్డ్ గోల్డు" అని తేల్చేశాడు. డబ్బు తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఖరీదైనది ఏదైనా చేతిలో పట్టుకుని చూశాకే కొంటున్నాను.

2025 ఏప్రిల్‌లో తార్కిర్: డ్రాగన్‌స్టార్మ్ వచ్చాక మళ్లీ చేయి దురద పెట్టింది. సెట్టు నిండా డ్రాగన్లే. రెండు కొన్నాను, రెండు పాతవి తీశాను, లెక్క 24 దాటనివ్వలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే మొదటి డెక్‌గా వద్దంటాను. ఐదు రంగుల మేత సర్దుకోవడానికే సగం ఓపిక పోతుంది. ఎరుపు ఒక్కటే రంగుగా లాత్‌లిస్, డ్రాగన్ క్వీన్‌తో మొదలుపెట్టండి. నిజం డ్రాగన్ (టోకెన్ కానిది) దిగినప్పుడల్లా ఆవిడ పక్కన ఇంకో 5/5 పిల్లని పుట్టిస్తుంది, ల్యాండ్లు దాదాపు అన్నీ మామూలు కొండలే కాబట్టి ఖర్చూ తక్కువ. ఇప్పటికే రెండు మూడు డెక్‌లు ఆడి, బల్ల మీద అందరి కోపం భరించగలిగినవాళ్లు మాత్రం అర్-డ్రాగన్ దగ్గరికి రండి.

మా కావలి బావ ఈ మధ్య ఈ డెక్ అమ్ముతావా అని అడుగుతున్నాడు. ముందు నీ డెక్‌లోంచి ఆ క్రక్స్ ఆఫ్ ఫేట్ తీసెయ్, తర్వాత మాట్లాడదాం అన్నాను. ఇంకా తీయలేదు.