గ్లౌజులుంటే చేతులు కడగక్కర్లేదా? హోమ్ నర్సింగ్ సర్వీస్‌తో మా అనుభవం

మా అత్తమ్మకు తుంటి ఆపరేషన్ అయ్యాక, మల్కాజిగిరిలోని మా ఇంటికి ఒక ఏజెన్సీ నుంచి 12 గంటల డ్యూటీకి అటెండెంట్‌ను పెట్టుకున్నాం. మొదట వచ్చిన అమ్మాయికి ఓపిక బాగానే ఉంది, కానీ పొద్దున గ్లౌజులు వేసుకుందంటే మధ్యాహ్నం దాకా అవే. డైపర్ మార్చిన గ్లౌజులతోనే ఫ్రిజ్ తీసింది, వాటితోనే యూరిన్ పైపు సర్దింది. అడిగితే "గ్లౌజులున్నాయి కదక్కా, నా చేతికేం అంటదు" అంది. తన చేతికి అంటదు సరే, అత్తమ్మకు అంటుతుంది కదా! పైపు ఉన్న మనిషికి ఇన్‌ఫెక్షన్ రావడానికి ఎంతసేపు? నాకు ఆ రోజంతా టెన్షనే.

ఏజెన్సీకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే మూడో రోజు వేరే ఆవిడను పంపారు. రాగానే గాజులు, ఉంగరం తీసి బ్యాగులో వేసుకుని "నల్లా ఎక్కడమ్మా" అని అడిగారు. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, ఒక్కో బొటనవేలు పట్టుకుని తిప్పి తిప్పి, చివరికి గోళ్లు అరచేతిలో రాస్తూ కడిగారు, నిమిషం దగ్గర పట్టింది. టిష్యూతో తుడుచుకుని ఆ టిష్యూతోనే నల్లా కట్టేశారు. గ్లౌజులు తీశాక కూడా మళ్లీ కడుగుతారు. ఎందుకని అడిగితే, కంటికి కనబడని చిల్లులుంటాయి, తీసేటప్పుడు కూడా మురికి చేతికి అంటుతుంది అన్నారు. అత్తమ్మను ముట్టుకోకుండా మంచం కమ్మీ ఒక్కటి సర్దినా సరే, చేతులు శుభ్రం చేసుకున్నాకే ఇంకో పని. చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాల్లో అదీ ఒకటని, చాలామంది దాన్ని మర్చిపోతారని నాకు అప్పుడే తెలిసింది.

చేతులకు మురికి కనబడనప్పుడు శానిటైజర్ వాడతారు, అదీ ఆరేదాకా 20, 30 సెకన్లు రుద్దుతారు. అత్తమ్మకు విరేచనాలైన రోజు మాత్రం దాన్ని పక్కన పెట్టి ప్రతిసారీ సబ్బు, నీళ్లే, ఎందుకంటే కొన్ని క్రిములు శానిటైజర్‌కు చావవట.

ఆవిడకు 5 స్టార్లు, ఏజెన్సీకి 3. ఒకే ఏజెన్సీ, ఒకే రేటు, ఇద్దరి మధ్య ఇంత తేడా ఎందుకు? ఇళ్లకు పంపేముందు ఒక్క పూట నల్లా దగ్గర నిలబెట్టి అందరికీ నేర్పించండి. సబ్బు, టిష్యూలు మేమే కొన్నాం, గ్లౌజుల డబ్బాతో పాటు అవి కూడా మీరే పంపాలి. ఆవిడ డ్యూటీ ఇంకో 15 రోజులు పెంచుకున్నాం, దయచేసి మధ్యలో మనిషిని మార్చకండి.