విఎస్ కోడ్ సెర్చ్: ‘దొరకలేదు’ అంటే లేదని కాదు

కోడ్ రాయడానికి రోజంతా తెరిచి ఉండే ఎడిటర్ కాబట్టి, ఆరేళ్ల వాడకంలో విఎస్ కోడ్‌లో ఏ మూల ఏముందో బాగానే తెలిసింది. దాని సెర్చ్‌కి నేనిచ్చే మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కూ ‘ఫలితాలు లేవు’ అనే మాట దగ్గర పోయింది. అది కనిపించగానే కోడ్‌లో లేదని అనుకోకూడదు. అసలు ఎక్కడెక్కడ వెతకలేదో ముందు చూడాలి.

వేగానికి వంక పెట్టడానికి లేదు. ఫోల్డర్ మొత్తం గాలించే పని 2017 నుంచి లోపల రిప్‌గ్రెప్ చేస్తోంది. అది రస్ట్‌లో రాసిన కమాండ్ లైన్ టూల్. ఫైళ్లను ప్రాసెసర్ కోర్ల మధ్య పంచుకుని ఒకేసారి చదువుతుంది, గిట్‌ఇగ్నోర్‌లో (కోడ్ మార్పుల్ని నమోదు చేసే గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) ఉన్నవాటి జోలికి పోదు. బెంగళూరులోని బెల్లందూరు ఆఫీసుల్లో చేతికిచ్చే మామూలు 16 జీబీ ల్యాప్‌టాప్ మీద కూడా కంట్రోల్-షిఫ్ట్-ఎఫ్ కొట్టి టైప్ చేస్తుంటేనే ఫలితాలు వచ్చి పడుతుంటాయి. రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరపు సర్వర్‌లో ఉన్న కోడ్‌ని ఇక్కడ తెరిచే పద్ధతిలో) ఇంకా సుఖం: వెతుకులాట సర్వర్ దగ్గరే జరిగి ఫలితాలు మాత్రమే ఇటొస్తాయి. మారతహళ్లి పీజీ వైఫై కూడా ఆ మాత్రం మోయగలదు.

ఎప్పుడైనా ఫ్యాన్ గోల పెడుతూ, టాస్క్ మేనేజర్‌లో ‘ఆర్‌జీ’ అనే ప్రాసెస్ సీపీయూని తినేస్తూ కనిపిస్తే ముందు సింబాలిక్ లింకుల్ని (వేరేచోట ఉన్న ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపేవాటిని) అనుమానించండి. ‘సెర్చ్: ఫాలో సిమ్‌లింక్స్’ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. మోనోరెపోలో (చాలా ప్రాజెక్టుల కోడ్ ఒకేచోట ఉండే రిపాజిటరీలో) ప్యాకేజీలు ఒకదానికొకటి లింకై ఉంటే అదే కోడ్‌ని దారి మార్చి మళ్లీ మళ్లీ చదువుతుంది. అది ఆపేస్తే చాలావరకు సర్దుకుంటుంది. యాంటీవైరస్ ప్రతి ఫైల్‌నీ తడుముతుంటే మాత్రం ఎడిటర్‌లో మందు లేదు, ఐటీకి టికెట్ వేసుకోవడమే.

ఇక సున్నా ఫలితాల సంగతి. ఎక్కువసార్లు దోషి ‘ఫైల్స్ టు ఇంక్లూడ్’ పెట్టె. నిన్నెప్పుడో రైట్ క్లిక్ చేసి ‘ఫైండ్ ఇన్ ఫోల్డర్’ వాడి ఉంటారు, ఆ ఫోల్డర్ పేరు అక్కడే కూర్చుని ఉంటుంది. ఫలితాలు లేవన్న వాక్యంలోనే ఏ ఫోల్డర్‌లో వెతికిందో రాసి ఉంటుంది కానీ ఎవరూ చదవరు. ఆ పెట్టెలో ఫోల్డర్ పేరు ఒక్కటే రాస్తే అదే పేరున్న ఫోల్డర్లన్నిటిలోనూ వెతుకుతుంది. రూట్‌లో ఉన్నది మాత్రమే కావాలంటే ముందు ./ పెట్టాలి. ఆ పెట్టె పక్కనుండే పుస్తకం గుర్తు నొక్కుడుపడి ఉంటే తెరిచిన ట్యాబుల్లోనే వెతుకుతుంది.

రెండో దోషి ‘ఫైల్స్ టు ఎక్స్‌క్లూడ్’ పెట్టె చివర ఉన్న గేర్ గుర్తు. అది ఆన్‌లో ఉన్నంతసేపూ గిట్‌ఇగ్నోర్ ఫైళ్లు, నోడ్ మాడ్యూల్స్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీల ఫోల్డర్) వెతుకులాటలోకి రావు. బిల్డ్‌లో పుట్టిన కోడ్, లోకల్ ఎన్విరాన్‌మెంట్ ఫైల్, లైబ్రరీ లోపలి ఎర్రర్ మెసేజ్ ఇవన్నీ సరిగ్గా అక్కడే దాక్కుంటాయి. గేర్ తీసి వెతికి, పని కాగానే మళ్లీ పెట్టేయండి. లేకపోతే తర్వాతి సెర్చ్‌లో మినిఫై చేసిన (ఖాళీలు తీసి కుదించిన) జావాస్క్రిప్ట్ వరదలా వచ్చి 20,000 ఫలితాల హద్దు తాకుతుంది. ఆపైన చూపించదు, ఇది కొంత భాగమేనని చిన్నగా హెచ్చరిస్తుంది.

ఆల్ట్-సి (ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడా), ఆల్ట్-డబ్ల్యూ (పూర్తి పదం), ఆల్ట్-ఆర్ (రెజెక్స్, అంటే గుర్తులతో రాసే వెతుకులాట నమూనా) బటన్లు కూడా ఒకసారి చూసుకోండి. రెజెక్స్ ఆన్‌లో మర్చిపోయి బ్రాకెట్ల మధ్య ఏదైనా ఉన్న ఫంక్షన్ కాల్‌ని వెతికితే, బ్రాకెట్లు గ్రూపులైపోయి కళ్లెదుట ఉన్న లైన్ కూడా దొరకదు.

తెలుగు స్ట్రింగులున్న యాప్‌ల మీద పనిచేసేవాళ్లకి అసలు తలనొప్పి వేరే. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట్ కి వే కి మధ్య కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. అనువాదకులు ఒకచోట దాన్ని పెట్టి ఇంకోచోట వదిలేస్తే, మీరు టైప్ చేసింది సగం ఫైళ్లలో దొరకదు. రెజెక్స్ ఆన్ చేసి సాఫ్ట్.?వేర్ అని వెతకండి, రెండూ చిక్కుతాయి. చుక్క అంటే ఏదో ఒక గుర్తు, ప్రశ్నార్థకం అంటే దాని ముందున్నది ఉన్నా లేకున్నా సరే అని.

ఊరి పేరే తీసుకోండి. ఒకరు బెంగళూరు అని రాస్తారు, ఇంకొకరు బెంగుళూరు అంటారు. బెంగు?ళూరు అని వెతికితే రెండూ వస్తాయి. ఇక్కడ ప్రశ్నార్థకం వర్తించేది ‘గు’ మొత్తానికి కాదు, కొమ్ముకి మాత్రమే. మనకి ఒక్క అక్షరమైన ‘గు’ కంప్యూటర్‌కి గ, ు అనే రెండు కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఇచ్చిన సంఖ్యలు). ఐత్వంతో తంటా దీనికి తిరగేసి ఉంటుంది: ై ఒకే కోడ్ పాయింట్‌గానూ ఉండొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు కలిపి రెండుగానూ ఉండొచ్చు. చూపుకి తేడా లేదు. సెర్చ్ మాత్రం రెంటినీ కలపదు.

పూర్తి పదం బటన్ తెలుగుకి పనికిరాదు. ‘నగరం’ అని వెతికితే నగరంలో, నగరానికి రెండూ జారిపోతాయి. ‘నగర’ అని వెతకడమే మేలు.

కన్నడ, తెలుగు పక్కపక్కనే ఉండే యాప్‌లో ఒక చిట్కా. కన్నడ ఫైల్ పేరు ఇంక్లూడ్ పెట్టెలో పెట్టి, రెజెక్స్‌లో [అ-హ] అని వెతికితే కాపీ-పేస్ట్‌లో పొరపాటున మిగిలిపోయిన తెలుగు అక్షరాలు బయటపడతాయి. లిపులు ఎంత దగ్గరగా ఉన్నా యూనికోడ్‌లో వాటి బ్లాకులు వేరు.

ఇవన్నీ చేసినా దొరకకపోతే ఫైల్ తెరిచి చూడండి. పైథాన్ జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) మాడ్యూల్ డిఫాల్ట్‌గా తెలుగుని తెలుగుగా రాయదు. ‘త’ని బ్యాక్‌స్లాష్, యు, ఆపైన 0సి24 అని రాస్తుంది. పాత జావా ప్రాపర్టీస్ ఫైళ్లదీ అదే తీరు. అక్కడ తెలుగులో ఎంత వెతికినా సున్నాయే.

రీప్లేస్‌కి వచ్చేసరికి కొంచెం జాగ్రత్త. ‘రీప్లేస్ ఆల్’ ఫైళ్లని మార్చి సేవ్ కూడా చేసేస్తుంది, అందుకే ముందు గిట్‌లో కమిట్ చేసి పెట్టుకోవాలి. ఫలితం మీద క్లిక్ చేస్తే పాతదీ కొత్తదీ డిఫ్‌లో (పక్కపక్కన పోల్చి చూపే తెరలో) కనిపిస్తాయి. రెజెక్స్ గ్రూపుల్ని $1, $2 అని వాడుకోవచ్చు. ఒకే ఫైల్‌లో కంట్రోల్-ఎఫ్ నడిపేది జావాస్క్రిప్ట్ రెజెక్స్ ఇంజిన్, ఫోల్డర్ సెర్చ్ నడిపేది రస్ట్ ఇంజిన్. లుక్‌బిహైండ్ (ముందు ఏముందో చూసి పోల్చే నమూనా) లాంటివి రాస్తే ఫోల్డర్ సెర్చ్ పీసీఆర్‌ఈ2 అనే ఇంకో ఇంజిన్‌కి మారుతుంది, ఆ తేడా మీకు తెలియదు కూడా. ఒకచోట పనిచేసిన క్లిష్టమైన ప్యాటర్న్ రెండోచోట కొద్దిగా వేరుగా తగలొచ్చు.

సెర్చ్ ఎడిటర్ గురించి తక్కువమందికి తెలుసు. ఫలితాలు ట్యాబ్‌లో తెరుచుకుంటాయి, చుట్టూ ఎన్ని లైన్లు కావాలో మీరే చెప్పొచ్చు, ఫైల్‌గా సేవ్ చేసి రివ్యూకి పంపొచ్చు. అయితే అందులో మార్చినవి దానంతట అవి అసలు కోడ్‌లోకి వెళ్లవు. పాత ఫలితాల బెడద కూడా ఉంది: గిట్ బ్రాంచ్ మార్చాక పక్కన కనిపించే జాబితా పాత బ్రాంచ్‌దే. క్లిక్ చేస్తే వేరే లైన్ దగ్గర దిగబెడుతుంది. రిఫ్రెష్ గుర్తు నొక్కాల్సిందే.