ఇంటి ముందే బిగించుకున్న రీకండిషన్ ఇంజెక్టర్లు: రెండు వర్షాకాలాలు దాటాక

బండి బీఎస్4 మినీ లారీ, నాలుగు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్, అంటే పంపు డీజిల్‌ని రైలు అనే ఒక ఉమ్మడి గొట్టంలోకి ప్రెషర్‌తో నింపితే అక్కణ్ణుంచి ఇంజెక్టర్లన్నిటికీ వెళ్లే రకం. గాజువాక ఆటోనగర్ చుట్టూ ఇనుప సామాను లోడ్లు, మధ్యమధ్యలో అరకు కిరాయిలు. రీకండిషన్ ఇంజెక్టర్ల సెట్టు (సిలిండర్లలోకి డీజిల్ చల్లే భాగాలు, పాతవే లోపల నాజిల్, వాల్వు మార్చి బాగుచేసినవి) కొని నేనూ మా బావా ఇంటి ముందే బిగించుకున్నాం. రెండు వర్షాకాలాలు దాటాక రాస్తున్నా, ఎందుకంటే బిగించిన వారానికి ఏ ఇంజెక్టరైనా బాగానే ఉంటుంది గురూ.

మార్చే ముందు పరిస్థితి ఏంటంటే, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగా కొట్టగా గానీ స్టార్ట్ అయ్యేది కాదు, అయ్యాక తెల్ల పొగ, ఐడిల్‌లో క్యాబిన్ అంతా వణుకు. చూసినవాళ్లలో సగం మంది పంపు పోయిందన్నారు. పంపు మీద చెయ్యి వేసే ముందు రిటర్న్, అంటే ఇంజెక్టర్ల నుంచి ట్యాంకు వైపు వెనక్కి పోయే డీజిల్, చూడండి: నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులూ తీసి ఒకేలాంటి నాలుగు సీసాల్లో పెట్టి కాసేపు ఐడిల్‌లో వదిలేస్తే ఏది ఎక్కువ వెనక్కి వదులుతోందో కళ్లెదుటే తెలిసిపోతుంది. మాకు రెండు సీసాలు నిండిపోతుంటే మిగతా రెండింట్లో అడుగునే ఉంది. డీజిల్ అలా వెనక్కి పోతుంటే రైలులో ప్రెషర్ ఎక్కదు, కావాల్సినంత ప్రెషర్ వచ్చేదాకా కంప్యూటర్ ఇంజెక్షన్ మొదలుపెట్టదు, సెల్ఫ్ బాధంతా అదే. డిప్‌స్టిక్ కూడా ఒకసారి లాగి చూడాలి. ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన కొడుతుంటే ఇంజెక్టర్లతో పాటు ఆయిల్ కూడా మార్చాల్సిందే.

బిగించడం కంటే పీకడమే అసలు పని. మన సముద్రపు గాలికి క్లాంప్ బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, ఇంజెక్టర్ చుట్టూ మసి గట్టిపడి తారులా అయిపోయి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచి, పొద్దున ఇంజిన్ కాస్త వేడి చేసి ఆపి, ప్రెషర్ దిగనిచ్చి, అప్పుడు పుల్లర్‌తో నిటారుగా లాగాం. స్క్రూడ్రైవర్ పెట్టి పక్కకు ఎత్తేవాళ్లని చూశాను, హెడ్డు మీద జాలి లేనివాళ్లు. ఇంజెక్టర్ వచ్చేశాక పాత రాగి వాషర్ కన్నం అడుగునే అంటుకుని ఉండిపోవచ్చు, దాన్ని వెతికి తీయాలి. దాని మీదే కొత్తది వేస్తే ఇంజెక్టర్ పైకి లేచిపోతుంది, నాజిల్ డీజిల్ చల్లే ఎత్తు మారిపోతుంది. సీటు శుభ్రం చేసేటప్పుడు కింద కన్నం మూసుకోవాలి, మసి సిలిండర్‌లో పడకూడదు. మా బావ ఈ ఒక్క పనికే దాదాపు పూటంతా తీసుకున్నాడు, అప్పుడు విసుక్కున్నాను గానీ ఇప్పటిదాకా వాషర్ దగ్గర చుక్క లీకేజీ లేదంటే కారణం అదే.

పెద్ద మేస్త్రీలు పాత పంపు బళ్లలో పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి గాలి తీసేవారు. కామన్ రైల్‌లో ఆ పని చేయకండి. లోడు మీద డీజిల్ ప్రెషర్ 1600 బార్ల దాకా వెళ్లే రకం ఇది, లారీ టైరులో గాలి ఏడెనిమిది బార్లే. సన్నటి చిమ్ము చర్మంలోకి దూరిపోతుంది, బయటికి చిన్న గీతలా కనిపించినా నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. హ్యాండ్ పంపుతో ఫిల్టర్ నింపుకుంటే చాలు. లీకేజీ ఉందేమో అట్టముక్క పెట్టి చూడాలి, వేలు పెట్టి కాదు.

ఇక సరుకు సంగతి. కొత్త సెట్టులో సగం కంటే తక్కువ ధరకే వచ్చింది. స్టార్టింగ్ ఇప్పటికీ ఒక్క సెల్ఫే, ముసురు పట్టిన పొద్దున్న కూడా. ఎస్.కోట దాటాక ఘాట్‌లో లోడుతో పికప్ బాగుంది, నల్ల పొగ లేదు, మైలేజీ పాత స్థాయికి వచ్చింది. ఒక ఇంజెక్టర్ మాత్రం కొన్నాళ్లకే మళ్లీ రిటర్న్ ఎక్కువ వదలడం మొదలెట్టింది. ఇచ్చిన షాపువాళ్లు డీజిల్లో నీళ్లున్నాయని వాదించారు, ఫిల్టర్ విప్పి చుక్క నీరు లేదని చూపించాకే వాల్వు మార్చి ఇచ్చారు.

కొనేవాళ్లు ఒకటి గట్టిగా అడగండి: టెస్ట్ బెంచ్ రిపోర్టు, అంటే ఇంజెక్టర్లని పరీక్ష యంత్రం మీద పెట్టి కొలిచిన లెక్క. ఐడిల్‌లో ఎంత డీజిల్ చల్లుతోంది, ఫుల్ లోడులో ఎంత, రిటర్న్ ఎంత అని ప్రతి ఇంజెక్టర్‌కీ విడిగా ఉండాలి. ఇంకోటి, ఇంజెక్టర్ ఒంటి మీద ఉండే కోడ్ (అది డీజిల్ ఎలా కొలిచి చల్లుతుందో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది) ఫ్యాక్టరీలో పుట్టినప్పటిది. లోపల నాజిల్, వాల్వు మార్చాక ఆ కోడ్‌కి అర్థం లేదు, మంచి షాపువాళ్లు బెంచ్ మీద కొత్త కోడ్ తీసి ఇస్తారు. అది ఇవ్వనివాళ్ల దగ్గర రీకండిషన్ కొనేకంటే అప్పు చేసైనా కొత్తవి వేసుకోవడం నయం. ఆ కోడ్‌ని ఏ ఇంజెక్టర్ ఏ సిలిండర్‌లో ఉందో చూసి స్కానర్‌తో ఇంజిన్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఇది మాత్రం మేం చేసుకోలేదు, స్కానర్ ఉన్న కుర్రాణ్ణి ఇంటికే పిలిపించాం.

వాడకంలో నేను పాటించేది ఫిల్టర్ కింద నీళ్లు తరచూ వదలడం, రాత్రి ట్యాంకు ఖాళీగా ఉంచకపోవడం. విశాఖ ఉక్కపోతకి ఖాళీ ట్యాంకులో చెమ్మ పడుతుంది, ఆ నీళ్లు వెళ్లి ఇంజెక్టర్ లోపలి నున్నటి భాగాల్నే తినేస్తాయి. వచ్చే సర్వీసులో రిటర్న్ పైపుల రబ్బర్లు కూడా మారుస్తున్నా, వేడికి గట్టిపడి రెండు చోట్ల చెమ్మ కడుతున్నాయి.